మనసు కుదుటపడేంత ఉప్పు

ఆ రోజు ఆ ఇంట్లో పెట్టుకున్న పని చాలా చిన్నది. కూతురు ఉదయం బస్సుకి కాలేజీకి వెళ్ళి, తన ఆఖరి ప్రాజెక్టు గురించి పరీక్షకుడికి చెప్పుకోవాలి. తల్లి ఇంట్లో ఉండి రోజూలాగే వంట చేసుకోవాలి. ఇందులో ప్రమాదం దూరడానికి సందెక్కడుందని ఎవరైనా అడగవచ్చు. అలా అడిగేవాళ్ళకి ఆ తల్లి సంగతి తెలియదన్నమాట.

వీధిలో ఆమెకు ముందుజాగ్రత్తమ్మ అని పేరు. ఫోను మోగితే ఎత్తకముందే "ఎవరికేమైందో" అనుకునే మనిషి. ఎక్కడికి బయల్దేరినా తలుపుకి తాళం వేసి, లాగి చూసి, వీధి చివరిదాకా నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చి లాగి చూసేది. లాగి లాగి తాళం వదులైపోయిందని భర్త ఫిర్యాదు. వదులైంది కాబట్టే లాగి చూడాలని ఆమె వాదన. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది కనుక ఆ తగువు అలాగే కాపురంతో పాటు సాగిపోతోంది.

కూతురు చదివేది బీబీఏ. అందులోనూ మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు తల్లికి గుండె దడ వచ్చింది. ఇంత పొడుగు పేరున్న చదువు పూర్తయ్యేదేనా అని. కూతురు ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పింది. ఏ సంగతి ఎవరికి తెలియాలో, ఎప్పుడు తెలియాలో, ఎంత తెలియాలో చూసి, అంతా సమయానికి అందేలా ఏర్పాటు చేసే విద్య ఇది అని. అంతా విని తల్లి, ఎదురింటి టీచరమ్మ ఏ డిగ్రీ లేకుండానే ఈ పని చేస్తోంది కదే అంది. కూతురు ఆ తర్వాత చాలా రోజులు చదువు మాట ఎత్తలేదు.

కాని మొదటి విడత పరీక్షలో దెబ్బ తగిలేసరికి ఎత్తక తప్పలేదు. కూతురు ఊహించుకున్న ఒక దుకాణానికి ఊహించుకున్న సరుకుతో ఒక సిస్టం తయారుచేసి తీసుకెళ్ళింది. బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది నీళ్ళలో దింపని పడవ అన్నాడు. నిజమైన మనుషులు వాడే సిస్టం తెచ్చి తన కళ్ళముందు నడిపించి చూపించాలన్నాడు. లేకపోతే వచ్చే ఏడాది మళ్ళీ కలుద్దామన్నాడు. అంటే ఈసారి తప్పితే ఏడాది చదువు నీళ్ళలో పోసినట్టే. పడవ ఒక్కటే మునగదు, పిల్ల కూడా మునుగుతుందని తల్లికి అర్థమైంది.

అందుకని కూతురు ఈసారి తన ఇంటినే దుకాణం చేసింది. వంటింట్లో ప్రతి డబ్బాకీ ఒక స్టిక్కరు అంటించింది. డబ్బాలోంచి ఏం తీసినా ఫోనుకి ఆ స్టిక్కరు చూపించి, ఎంత తీశారో నొక్కాలి. సరుకు ఒక గీత కన్నా కిందికి దిగితే ఎవరూ చెప్పక్కర్లేకుండానే వీధి మొదట్లో ఉన్న కిరాణా కొట్టుకి కబురు వెళుతుంది. కొట్లోనూ అదే ఏర్పాటు. అక్కడ గీత దిగితే టోకు వ్యాపారికి కబురు. ఆ గీత పేరు కనీస నిల్వ. ఇలా వాడే మనిషిని యూజర్ అంటారని కూతురు చెప్పింది. ఈ వయసులో తనకో పదవి వచ్చిందని ముందుజాగ్రత్తమ్మ లోలోపల కాస్త సంతోషపడింది కూడా.

ఇన్నాళ్ళూ ఆ గీతలన్నీ కూతురే గీసింది. అవి ఎక్కడుండాలో యూజరే చెప్పాలి కాని నువ్వు కాదని కాలేజీలో గైడు సారు ముందురోజు అన్నాడట. కాబట్టి ఆ ఉదయం హడావిడిగా జడ వేసుకుంటూ కూతురు తల్లి ఫోను తీసి ఆమె చేతిలో పెట్టింది.

"ఎంతెంత పెట్టమంటావే?"

"నీ ఇష్టం అమ్మా. ఇంట్లో ఎంత ఉంటే నీ మనసు కుదుటపడుతుందో అంత పెట్టు."

ఆ మాట అనేసి చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ముందుజాగ్రత్తమ్మని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

ఆమె వంటింట్లో స్టూలు మీద కూర్చుని, చదువుకున్న పిల్ల అడిగింది కదా, నిజాయితీగా జవాబు చెప్పాలనుకుంది. బియ్యం ఒక బస్తా ఉంటుంది మామూలుగా. కాని వాన పట్టుకుని దారులు మూసుకుపోతే? ఇంకో బస్తా. ఆ వానలో వచ్చిన చుట్టాలు వెనక్కి పోలేకపోతే? ఇంకోటి. ఆ చుట్టాల్లో ఆడపడుచు కుటుంబం కూడా ఉంటే? వాళ్ళు మొహమాటం లేని మనుషులు కాబట్టి మరోటి. నూనె, పప్పు, చక్కెర అదే లెక్కన పెరిగాయి. కరెంటు పోతుంది కనుక కొవ్వొత్తులు. కొవ్వొత్తులకి అగ్గిపెట్టెలు. అగ్గిపెట్టెలు తడిసిపోతాయి కనుక వాటి బదులు ఇంకొన్ని అగ్గిపెట్టెలు. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి కాసేపు ఆలోచించింది. ఇవేవీ దొరక్కపోతే ఇంట్లో కనీసం ఉప్పన్నా ఉండాలి కదా అనిపించింది. అన్నిటికన్నా పెద్ద అంకె ఉప్పుకి పెట్టింది. నీళ్ళు ఆ సిస్టంలో లేవని తెలిసి కూతురి చదువు మీద నమ్మకం ఒక్క క్షణం సడలింది. అయినా సర్దుకుని "సరే" నొక్కింది.

కాపురానికి వచ్చాక మొదటిసారి ఆమెకు గుండె నిండా ఊపిరి ఆడింది.

వీధి మొదట్లో కొట్టాయన ఫోను మోగింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. ఈ సిస్టం ఇంతవరకూ ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. అయినా ఒక ఇంటికి ఇంత సరుకా అని ఆయన మనసు పీకింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఇంటాయన ధాన్యం గోదాముల ఆఫీసులో గుమాస్తా అని. లోపలి మాట ఏదో తెలిసే తెప్పించుకుంటున్నారనుకున్నాడు. సరుకంతా ఒక్క విడతలో రాదు కాబట్టి ముందు బియ్యం, ఉప్పూ తోపుడు బండి మీద వేసుకుని తనే బయల్దేరాడు.

బస్తాలు వసారాలో దింపి, చెమట తుడుచుకుంటూ గొంతు తగ్గించాడు.

"చెల్లెమ్మా, అడిగానని అనుకోవద్దు. ఏమైనా తెలిసిందా?"

ఏమీ తెలియలేదంటే సరిపోయేది. కాని ప్రమాదం లేదని గట్టిగా చెప్పడం ఆమెకు చేతకాని పని. "చెప్పి వస్తాయా అన్నయ్యగారూ. మన జాగ్రత్తలో మనం ఉండాలి" అంది.

"మరి బావగారేమన్నారు?"

"ఆయన ఎవరికీ చెప్పొద్దన్నారు."

అందులో అబద్ధం ఏమీ లేదు. భార్య మంచం కింద సబ్బులు దాస్తుందని నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని, ఈ దాచుడు సంగతి బయట చెప్పొద్దని ఆయన ఏనాడో చెప్పాడు. ఆమె ఆ మాటే చెప్పింది. కొట్టాయన మాత్రం తల ఊపుతూ, నడుస్తున్న కాళ్ళు కాస్తా పరుగులోకి మారుతుండగా వెనక్కి వెళ్ళాడు.

ఆయన మంచివాడు. మాట బయటికి పొక్కనివ్వకూడదనే అనుకున్నాడు. కాని రేపు తెలిసినవాళ్ళు "మాకొక్క మాట చెప్పలేకపోయావా" అంటారేమోనని ఒక్కరంటే ఒక్కరికి చెప్పాడు. ఆ ఒక్కరూ ఎదురింటి టీచరమ్మ.

టీచరమ్మ రిటైరైనా పాఠం చెప్పడం మానలేదు. వీధిలో రెండు వైపులా ఉన్న ఇళ్ళకి చెప్పుకుంటూ వచ్చి, ఆఖరున అసలు మనిషి మొహం చూసి ఖాయం చేసుకుందామని ముందుజాగ్రత్తమ్మ ఇంటి పెరటి గుమ్మంలోంచి లోపలికి వచ్చింది.

"వదినా, కడుపులో పెట్టుకో. గోదాముల్లో సరుకు లేదట."

ముందుజాగ్రత్తమ్మ పొయ్యి ఆపేసింది. "ఎవరన్నారు?"

"పేరు చెప్పనని మాటిచ్చాను. లోపలి మనుషులే అన్నారన్నది మాత్రం నిజం."

టీచరమ్మ ఆ పాలిపోయిన మొహం చూసింది. పాపం దాచలేకపోతోంది, మొహమే చెబుతోంది అనుకుని తృప్తిగా వెళ్ళిపోయింది. ఇక్కడ ముందుజాగ్రత్తమ్మ ఫోను కోసం వెతుక్కుంటోంది. సొంత మొగుడు గోదాముల ఆఫీసులో పనిచేస్తూ, ఊరందరికీ తెలిసిన మాట తనకి చెప్పకపోవడమా? ఆయనకి ఫోను చేసింది. ఆయన గుసగుసగా, ఇప్పుడు మాట్లాడలేను, మీటింగులో ఉన్నాను, పెట్టెయ్ అన్నాడు. ఆయన గొంతు తగ్గించి మాట్లాడటం ఆమె ఎన్నడూ వినలేదు. అక్కడ జరుగుతున్నది విరిగిన కుర్చీల గురించిన మీటింగు అని ఆమెకెలా తెలుస్తుంది? నిప్పు లేనిదే పొగ రాదు. ఆమె ఫోను తీసి, పొద్దున పెట్టిన అంకెలన్నిటినీ రెట్టింపు చేసి, "సరే" నొక్కింది.

కొట్లో ఫోను మళ్ళీ మోగింది. రెట్టింపైన అంకెలు చూసి కొట్టాయన లెక్క వేసుకున్నాడు. ఆమె ఇంట్లో రెట్టింపైతే కొట్లో ఎంతవ్వాలి? తన గీతల్ని పైపైకి జరిపాడు. టోకు వ్యాపారికి ఎడాపెడా కబుర్లు వెళ్ళాయి. ఈలోగా సంచులు పట్టుకుని వీధి వీధంతా వచ్చేసింది. వచ్చినవాళ్ళ వెనక నిలబడ్డవాళ్ళకి దేనికోసం నిలబడ్డారో తెలియదు. వరుస ఉంది కాబట్టి నిలబడ్డారు. కాసేపటికి టోకు వ్యాపారి పంపిన లారీ వీధిలోకి తిరిగింది. లారీ వచ్చింది కదా, సరుకుంది కదా అని ఎవరూ అనుకోలేదు. లారీయే తెప్పించాడంటే ఎంత కరువు ముంచుకొస్తోందో అనుకున్నారు. వరుస పక్క వీధిలోకి తిరిగింది.

ముందుజాగ్రత్తమ్మకి ఇంట్లో నిలవబుద్ధి కాలేదు. అసలు మాట ఏమిటో కనుక్కుందామని తాళం వేసి, లాగి చూసి, ఈసారి వెనక్కి కూడా రాకుండా కొట్టు దగ్గరికి వెళ్ళింది. పరిస్థితి ఎంత తీవ్రంగా ఉందో దీన్నిబట్టే గ్రహించాలి. జనం ఆమెకు గౌరవంగా దారి ఇచ్చారు. ఎందుకిచ్చారో ఆమెకు అర్థం కాలేదు. కొట్టాయన చెవి దగ్గరికి వంగి, ఈ మాట మొదట ఎవరన్నారని అడిగింది.

ఆయన ఆమెను వింతగా చూశాడు. "మీరే కదమ్మా."

"నేనా?"

"బావగారు ఎవరికీ చెప్పొద్దన్నారని మీరే కదా చెప్పారు."

పొద్దుటి నుంచీ జరిగినదంతా ఆమె కళ్ళముందు దారపుండలా విప్పుకుంటూ వెనక్కి పరిగెత్తి, తన వంటింటి స్టూలు దగ్గర ఆగింది. తను ఊదిన గాలికి తనే భయపడి, తలుపులేసుకుని, మళ్ళీ ఊదింది. ఆమె వెంటనే మెట్టెక్కి, గొంతు సవరించుకుని, కొరతేమీ లేదు, అంతా నావల్లే వచ్చింది, ఇళ్ళకి పొండి అని వరుసలో ఉన్నవాళ్ళకి చెప్పింది. అందరూ శ్రద్ధగా విన్నారు. వెనక నుంచి ఎవరో, "ఆవిడకేం, ఇంటినిండా దింపుకుంది. ఇప్పుడు మనల్ని ఇళ్ళకి పొమ్మంటోంది" అన్నారు. అందరూ ఒక్క అడుగు ముందుకి జరిగారు.

అప్పుడే భర్త ఫోను వచ్చింది. ఆఫీసులో ఫోన్లు ఆగడం లేదట. శాఖలోని ఎవరి ఇంటి నుంచో పుకారు పుట్టిందట. పైఆఫీసరు మండిపడుతున్నాడట.

"ఆ ఇల్లు ఏదో కనుక్కునే పని నాకే అప్పజెప్పాడు" అన్నాడాయన నీరసంగా.

"కనుక్కున్నారా?"

"ఇంకా లేదు."

"తొందరేం లేదులెండి" అని ఆమె ఫోను పెట్టేసింది.

భర్త సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఇప్పుడు ఆమె గుండెల్లో ఉన్నది పిల్ల. ఈ గొడవంతా ఈ క్షణాన కాలేజీలో తెర మీద కనిపిస్తుంటుంది. ఇదేమిటని అడిగితే పిల్లకి ఏం తెలుసని చెబుతుంది? ఏడాది చదువు పోతుంది. పిల్ల ఫోను కట్టేసి ఉంది. ముందుజాగ్రత్తమ్మ వచ్చిన బస్సు వచ్చినట్టే ఎక్కేసింది. బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడ జాలిగా ఆమె ఖాళీ చేతులు చూసి, ఉప్పన్నా కొనుక్కోమ్మా, గోదాముల ఆఫీసులో ఎవరి పెళ్ళామో ఇల్లు దూలాలదాకా నింపేసిందట అని చెప్పింది. ముందుజాగ్రత్తమ్మ కిటికీ వైపు తిరిగి, చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, తనని ఎలాగూ జైల్లో వేస్తారు, పిల్లని మాత్రం వదిలేస్తారా అని ఆలోచిస్తూ కూర్చుంది.

కాలేజీలో మేడ మీద నడవాలో ఫైళ్ళు పట్టుకున్న పిల్లలు గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఆమె మొహం చూసి ఎవరూ ఆపలేదు. తలుపు కాస్త తెరిచే ఉంది. లోపల గోడ మీద పెద్ద తెర. తెర మీద, ఎవరెంత సరుకు అడిగారో చూపించే ఒక గీత, మొదట చిన్న గుట్టలా, ఆ పక్కన కొండలా, ఆ తర్వాత నిట్టనిలువు గోడలా లేచి ఉంది. బల్ల వెనక గైడు సారు తల దించుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన ముక్కు మీద కళ్ళజోడుతో పరీక్షకుడు. ఎదురుగా కూతురు, పెదవి కొరుక్కుంటూ.

పరీక్షకుడు తాపీగా మాట్లాడుతున్నాడు. అది ఇంకా భయంగా ఉంది. క్రితంసారి ఎవరూ వాడని సిస్టం తెచ్చావు, సరే. ఈసారి అంకెలు సొంతంగా పుట్టించి తెచ్చావు, అది మోసం అంటున్నాడు. కాదని కూతురు చెబుతోంది. ఆయన తెర వైపు వేలు చూపించాడు.

"నువ్వే చెప్పమ్మాయ్. ఈ లోకంలో ఏ ఇంట్లోనైనా, ఏ మనిషైనా, నాకింత ఉప్పు కావాలని అంటారా?"

గుమ్మం దగ్గర్నుంచి సన్నటి గొంతు వినిపించింది.

"నేనన్నానండి."

అందరూ ఇటు తిరిగారు. ముందుజాగ్రత్తమ్మ లోపలికి వచ్చి, చేతులు కట్టుకుని, పిల్ల తప్పేమీ లేదని మొదలుపెట్టింది. వాన, చుట్టాలు, ఆడపడుచు కుటుంబం, తడిసిన అగ్గిపెట్టెలు, ఎవరికీ చెప్పొద్దన్న మొగుడు, టీచరమ్మ, చెదిరిపోయిన తన ధైర్యం, రెట్టింపైన అంకెలు, లారీ, వరుస, అన్నీ చెప్పింది. శిక్ష ఏదైనా ఉంటే తనకి వేయమంది. చెబుతూ చెబుతూ తల దించుకుంటే బల్ల కింద పరీక్షకుడి కాళ్ళ దగ్గర ఒక సంచీ కనిపించింది. దాని మీద తమ వీధి కొట్టు పేరు, పైకి తేలిన ఉప్పు ప్యాకెట్లు, ఒక కొవ్వొత్తుల కట్ట. ఎన్నో ఏళ్ళు సంసారం చేసిన కన్ను, పొరపాటు పడదు. ఆమె చూపు ఎక్కడ ఆగిందో గమనించి ఆయన మడమతో సంచీని వెనక్కి జరిపాడు.

కూతురు తిడుతుందని ఆమె ఎదురుచూసింది. తల ఎత్తి చూస్తే పిల్ల కళ్ళు మెరుస్తున్నాయి. చిన్నప్పుడు పోయిన బొమ్మ దొరికితే అలాగే మెరిసేవి.

"సార్, ఇప్పుడు మళ్ళీ చూడండి" అంది కూతురు తెర దగ్గరికి వెళ్ళి. "ఈ చిన్న గుట్ట మా అమ్మ. ఈ కొండ మా వీధి. ఈ గోడ టోకు వ్యాపారి. ఇంతమంది ఇంత అడిగారు. నిన్నటికీ ఇవాల్టికీ ఎవరింట్లోనూ ఆకలి ఒక్క మెతుకు పెరగలేదు. పెరిగింది భయమే. అది ఒక్కో చెయ్యి మారేకొద్దీ ఎంత పెరిగిందో ఇదిగో, కళ్ళముందు ఉంది. సిస్టం తప్పు చెప్పలేదు సార్. తప్పు నాదే. గీత ఎంతుండాలని అమ్మని అడిగాను కాని, ఎందుకంతని అడగలేదు." ఆ మీదట మర్యాదగా, "చిట్టచివర ఈ కాస్త ఉప్పు ఉంది చూడండి, అది ఎవరిదో నేను చెప్పలేను" అంది.

గైడు సారు దగ్గొచ్చినట్టు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. పరీక్షకుడు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"బాగానే చెప్పావు. కొంప అంటుకున్నాక ఎలా అంటుకుందో చెప్పడానికి సిస్టం ఎందుకు, చుట్టుపక్కల వాళ్ళు చాలు. ఆపగలవా?"

ఆపగలనంది కూతురు. కొట్టుకి వచ్చే వాళ్ళందరి ఫోన్లకీ కబురు పంపే వీలు ఆ సిస్టంలోనే ఉంది. కొట్టాయనకి ఫోను చేసి అనుమతి అడిగి, అందరూ చూస్తుండగా రాసింది: సరుకు కొరత ఏమీ లేదు, ఎవరూ ఆందోళన పడవద్దు. పంపింది. అందరూ తెర వైపు చూశారు. గీత కాసేపు ఊరుకుంది. ఆ తర్వాత, పామును తొక్కినట్టు, ఒక్కసారి పైకి లేచింది. కొరత లేదని పనిగట్టుకుని చెబుతున్నారంటే ఎంత కొరతో అనుకున్నట్టున్నారు. పిల్ల మొహం వాడిపోయింది.

ముందుజాగ్రత్తమ్మకి ఇది కొత్త కాదు. తనకి ఎవరు ధైర్యం చెప్పినా సరిగ్గా ఇలాగే జరిగేది. భర్త "ఏం కాదులే" అన్న ప్రతిసారీ ఆమె ఇంకో అగ్గిపెట్టె కొనుక్కుంది. ఆమె కూతురి భుజం మీద చెయ్యి వేసింది.

"భయపడ్డవాళ్ళకి ధైర్యం చెబితే ఎక్కదే. ఇంకో భయం చెప్పాలి."

"ఏం భయం?"

"ఇంత కొన్నాక రేపు ధర పడిపోతే ఎలా అని."

కొట్టాయన ఇంకా ఫోనులోనే ఉన్నాడు. ఆ మాట విని నిట్టూర్చాడు. ఇంకో లారీ దారిలో ఉంది, అది దిగితే ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు, రేపు నిజంగానే ధర తగ్గించి అమ్ముకోవాలి అన్నాడు. అయితే అదే రాయి అంది తల్లి. కూతురు రాసింది: ఇంకో లారీ వస్తోంది, రేపటి నుంచి అన్ని సరుకుల మీదా ధర తగ్గిస్తున్నాం, ఇవాళ కొన్నవి వాపసు తీసుకోబడవు.

పంపగానే ఫోనులోంచి కొట్టు దగ్గరి చప్పుడంతా వినిపించింది. మొదట కాళ్ళ చప్పుడు. తర్వాత కొట్టాయన గొంతు, అందరూ సంచులు అక్కడే పెట్టేసి వెళ్ళిపోతున్నారని, టీచరమ్మ అందరికన్నా ముందుందని. తెర మీద గోడ విరిగింది. కొండ కరిగింది. గీత మెల్లగా దిగి దిగి, అలసిపోయినదానిలా నేలమీద పడుకుంది. కూతురు ఆ వెంటనే టోకు వ్యాపారికి వెళ్ళిన కబుర్లలో ఇంకా బయల్దేరనివాటిని ఒక్కటొక్కటిగా రద్దు చేసింది. నడవాలో నిలబడ్డ పిల్లలు ఎప్పుడో తలుపు తోసుకుని లోపలికి వచ్చేశారు. వాళ్ళలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు.

పరీక్షకుడు మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా తను పుస్తకంలో బొమ్మ చూపించి చెప్పే పాఠం ఇదేనని, గోడ మీద అది పుట్టి, పెరిగి, చచ్చిపోవడం ఇవాళే చూశానని అన్నాడు. పడవ నీళ్ళలో దిగిందని, పైగా తుఫానులో దిగిందని గైడు సారుకి చెప్పి, అందరికన్నా పై మార్కు వేసి సంతకం చేశాడు. కూతురు తల్లిని గట్టిగా పట్టుకుంది. తల్లి, పడిపోతావేమో, కాస్త మెల్లిగా అంది.

లేచి వెళ్ళబోతూ పరీక్షకుడు ఆమె దగ్గర ఆగాడు. చుట్టూ చూసి, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"అమ్మగారూ, ఆ కొట్టాయన అసలు వాపసు తీసుకోడంటారా?"

"మా అన్నయ్యగారేనండి. నేనొక మాట చెప్పి చూస్తాను" అంది ముందుజాగ్రత్తమ్మ. జీవితంలో ఆమె ఒకరికి ధైర్యం చెప్పడం అదే మొదలు.

సాయంత్రానికి భర్త కూడా గట్టెక్కాడు. ఆ ఇల్లు ఏదో కనుక్కున్నావా అని పైఆఫీసరు అడిగితే, పుకారే లేకుండా పోయాక ఇల్లు ఎందుకండీ అన్నాడట. ఇంత త్వరగా అణిచేశావని ఆఫీసరు నలుగురిలో మెచ్చుకున్నాడట. ఎలా అణిచావని అడిగితే మాత్రం ఎవరికీ చెప్పొద్దన్నారు సార్ అన్నాడట. కూతురు గీసిన గుట్టా కొండా గోడా కాలేజీలో అద్దం కట్టించి తగిలించారు. కింద రాసిన రెండు వాక్యాల్లో ఒకటి ముందుజాగ్రత్తమ్మ గురించి. అది చూడటానికి ఆమె చుట్టాలందరినీ తీసుకెళ్ళింది, ఆడపడుచు కుటుంబంతో సహా.

కనీస నిల్వ ఎంతుండాలో నిర్ణయించే అధికారాన్ని ఆ రోజు నుంచి ఇంటాయనకి అప్పగించారు. ఆయన ఆమెను అడిగి నింపుతున్నాడు.